ఎర్త్ కాడ బర్రె

సారపాక దాటి అడవిలోకి పోయే దారిలో ఆ తండా మొత్తానికి ఉన్నది ఒక్కటే ఫోన్. అది భీమ్లా ఇంటి అరుగు మీద ఉంటుంది. అది వచ్చిన ఈ రెండేళ్లలో భీమ్లా నడకే మారిపోయింది. ఎవరైనా వాకిట్లో నిలబడి "ఫోన్ భీమ్లా ఉన్నడా?" అని పిలిస్తే, ఆ పిలుపు ఇంకోసారి వినాలని ఇంట్లో ఉండి కూడా పలికేవాడు కాదు.

దర్జా సంగతి అటుంచితే, అతని ప్రాణమంతా ఆదివారం మీదే ఉండేది. ఖమ్మంలో నర్సు చదువు చదివే కూతురు పూలి ఆ రోజు పొద్దున్నే ట్రంకు కాల్ చేస్తుంది. మాట్లాడేది మూడు నిమిషాలే. ఆ మూడు నిమిషాల కోసమే మిగతా వారమంతా బతికేవాడంటే అబద్ధం కాదు.

అలాంటి ఫోన్ మీద వాగవతలి ఆసామి వెంకటరామారావు కన్ను పడింది. దాన్ని తమ ఊరికి మార్చాలని అర్జీ పెట్టాడు. గురువారం ఇంజనీరు రాందాస్ వచ్చి చూస్తాడనీ, లైను సరిగ్గా లేకపోతే ఫోన్ పీకించుకుపోతాడనీ లైన్‌మన్ జంపయ్య చెప్పి వెళ్లాడు. 

ఇక్కడొక మాట చెప్పాలి. ఆ ఫోన్ తీగ ఒకటి స్తంభాల మీదుగా ఎక్స్ఛేంజికి పోతుంది. రెండోది అరుగు పక్కనే ఒక ఇనుప కడ్డీ వెంట భూమిలోకి దిగుతుంది. దాన్నే ఎర్త్ అంటారు. అక్కడి నేల తడిగా ఉంటేనే మాట పోతుంది. రోజూ కుండెడు ఉప్పునీళ్లు పొయ్యమని జంపయ్య మొదటిరోజే చెప్పాడు. భీమ్లా రెండేళ్లలో చుక్క పోస్తే ఒట్టు! అయినా ఫోన్ గణగణ మోగుతూనే ఉంది కాబట్టి, జంపయ్యవన్నీ ఉత్త కబుర్లని తేల్చేశాడు. ఆ కడ్డీ పక్కనే రెండేళ్లుగా తన బర్రెను కట్టేస్తున్నాడన్న సంగతి మాత్రం ఆ మహానుభావుడికి తట్టలేదు.

ఆదివారం కూతురితో మాట్లాడగానే బర్రెను విప్పి ఇంటి వెనక్కి తోలాడు.

"రెండేండ్ల సంది గది ఆడనే ఉన్నది. దాని జోలికెందుకు పోతవయ్యా?" అంది భార్య గోరి.

"సారొస్తుండు! గా కంపు జూసి ఏమనుకుంటడు?"

నల్లటి బురదంతా గీకిపారేసి, ఎండు మొరం పరిచి, పైన గోరిచేత ముగ్గు వేయించాడు. మే నెల ఎండలు కదా, గురువారానికి ఆ నేల అప్పడంలా ఎండింది.

రాందాస్ జీపు దిగి, ముగ్గు చూసి ముచ్చటపడి, ఫోన్ ఎత్తి హ్యాండిల్ తిప్పాడు. కుయ్యిమనలేదు. మళ్లీ తిప్పాడు. ఊహూఁ.

"మొన్నటిదాంక మంచిగ మాట్లాడింది సారూ!" అన్నాడు భీమ్లా.

వెంట వచ్చిన జంపయ్య కాలి బొటనవేలితో మొరం గీకి చూశాడు. "ఎర్త్ ఎండిపోయింది సార్. ఏం భీమ్లా, ఉప్పునీళ్లు పోస్తున్నవా?"

భీమ్లా ఆకాశం వంక చూశాడు. గోరి పరుగున నాలుగు కుండల నీళ్లు తెచ్చి, ఇంట్లో ఉన్న గుప్పెడు ఉప్పు కలిపి పోసింది. రాందాస్ మళ్లీ హ్యాండిల్ తిప్పితే, ఫోన్‌లో బావి అడుగు నుంచి ఎవరో మూలిగినట్టు వినిపించి ఆగిపోయింది.

"గుప్పెడు ఏం సరిపోతుంది? ఉప్పు బాగా పట్టాలి. లైను డెడ్ అని రాయక తప్పదు," అంటూ రాందాస్ రిజిస్టరు తెరిచాడు. భీమ్లాకు ఏడుపొచ్చింది. ఇక ఆదివారమొస్తే ఏం చెయ్యాలి?

"జర ఆగుండ్రి సారూ!" అంది గోరి. వెనక్కి వెళ్లి బర్రెను లాక్కొచ్చి కడ్డీ పక్కన నిలబెట్టింది. "ఇన్నొద్దులు మీ ఎర్త్‌కు నీళ్లు పోసింది ఇదే."

జంపయ్య కిసుక్కున నవ్వాడు. రాందాస్ బర్రెనూ, కడ్డీనీ, భీమ్లానూ మార్చి మార్చి చూసి పెన్ను మూశాడు. "అయితే పొయ్యమను మరి!"

బర్రె పొయ్యలేదు. తీరిగ్గా నెమరేస్తూ ఇంజనీరును ఎగాదిగా చూసింది. పావుగంట గడిచింది. గోరి చంటిపిల్లలకు చేసినట్టు "స్స్... స్స్..." అంది. చూడొచ్చిన ఆడవాళ్లు అందుకున్నారు. తండా అంతా "స్స్... స్స్..." జంపయ్య కుండలోంచి కుండలోకి నీళ్లు ఒంపి చప్పుడు చేశాడు. చివరికి రాందాస్ కూడా అటూ ఇటూ చూసి, మెల్లగా "స్స్..." అన్నాడు.

అప్పుడెత్తింది తోక! ముగ్గు కొట్టుకుపోయింది. ఇంజనీరు ప్యాంటు మోకాళ్లదాకా తడిసింది. భీమ్లా అదేమీ చూడకుండా ఫోన్ అందుకుని హ్యాండిల్ తిప్పాడు.

"ఎక్స్ఛేంజ్!" అని చెవిలో అరిచినట్టు వినిపించింది. భీమ్లా అందరి ముందే బావురుమన్నాడు.

రాందాస్ ప్యాంటు పిండుకుని రిజిస్టరులో రాశాడు: "ఎర్త్ బాగుంది. స్థానిక ఏర్పాటు ఉంది. ఫోన్ మార్చనక్కర్లేదు."

ఆదివారం ఫోన్ మోగింది.

"బాపూ, పక్కన కూసోని మాట్లాడినట్టే ఉన్నది! అమ్మెట్లున్నది?" అంది పూలి.

భీమ్లా కడ్డీ వైపు చూసి కళ్లు తుడుచుకున్నాడు. "అమ్మ సంగతి తర్వాత చెప్త. బర్రె పొద్దుగాల సంది రెండుసార్లు పోసింది బిడ్డా. నువ్వు రందిలేకుండ మాట్లాడు."