మిషన్ ఆగినప్పుడు

థెరపీ మేడమ్ లోపలి గదిలోకి వెళ్లి తలుపు వేసుకుందంటే, టైలరమ్మ కాళ్లు కుట్టుమిషన్ మీద ఉంటాయి గానీ చెవులు మాత్రం ఆ తలుపు మీదే ఉంటాయి. కాలరు వంకర పోయినా ఆమెకు పట్టదు.

లోపల ఉన్నది ఆమె కొడుకు. ఐదేళ్లు నిండాయి, మాటలు రాలేదు. ఆటిజం అని డాక్టరు చెప్పాక, ఇంటికే వచ్చి నేర్పించే ఈ మేడమ్‌ను కుదుర్చుకున్నారు. సంతోషం వస్తే వాడు రెండు చేతులూ రెక్కల్లా టపటపా ఆడించేవాడు. అందుకే నాయనమ్మ వాడిని పిట్ట అని పిలిచేది. మిషన్ చక్రం గిర్రున తిరిగితే చాలు, పిట్ట పక్కన నిలబడి రెక్కలు విప్పేవాడు.

ఇప్పుడు విప్పడం లేదు.

మేడమ్ వల్ల మేలు జరగలేదని కాదు. ఇదివరకు దాహమేస్తే గోడకు తల కొట్టుకునే వాడు, ఇప్పుడు గ్లాసు బొమ్మ ఉన్న కార్డు తెచ్చి తల్లి చేతిలో పెడుతున్నాడు. మొదటిసారి అలా పెట్టిన రోజు టైలరమ్మ ఏడుపులో పడి నీళ్లివ్వడమే మరిచిపోయింది. కానీ ఈ మధ్య చక్రం తిరుగుతుంటే వాడు వచ్చి బుద్ధిగా కుర్చీలో కూర్చుంటున్నాడు. అరచేతులు రెండూ తొడల కింద. కళ్లు చక్రం మీద. భుజాలు మాత్రం సన్నగా వణుకుతుంటాయి.

ఆ వణుకు చూసినప్పటి నుంచి ఆమె మనసు కీడు శంకిస్తూనే ఉంది.

"చూశారా అత్తయ్యా వీణ్ణి?"

"చూడకేం. బుద్ధిమంతుడయ్యాడని పక్కింటావిడ మెచ్చుకుంది కూడా. నాకైతే ఒళ్లు మండింది. పిల్లాడు కూర్చున్నట్టుందా అది? ఫొటోకి దిగినట్టుంది."

"కొడుతోందంటారా?"

"ఒంటి మీద మచ్చలేమైనా ఉన్నాయా?"

"వెతికాను. ఏమీ లేవు."

"అయితే బెదిరిస్తోంది. సన్నగొంతు వాళ్లని నమ్మకూడదమ్మాయ్."

"మీదీ సన్నగొంతే కదా."

"అందుకే చెబుతున్నా!"

నవ్వుకున్నారు గానీ ఇద్దరికీ లోపల గుబులు పోలేదు. ఎందుకంటే, టైలరమ్మ పని ఆపి పిల్లి అడుగులు వేసుకుంటూ తలుపు దగ్గరికి వెళ్లినప్పుడల్లా లోపలి నుంచి ఒకటే మాట: "సూపర్! ఎంత బాగా చేశావ్!" ఆమె వినడానికే అన్నట్టు. వింటున్నానని ఈవిడకెలా తెలుస్తోందా అని తలబద్దలు కొట్టుకోగా, కత్తెర పట్టుకున్న చెయ్యి పట్టుకున్నట్టే ఆగిపోయింది. మిషన్! చప్పుడు ఆగితే చాలు, మేడమ్ జాగ్రత్త పడుతోంది.

మర్నాడు అత్తగారిని స్టూలు మీద కూర్చోబెట్టింది. "దారం తీసేశాను. ఊరికే తొక్కుతూ ఉండండి."

"మోకాళ్లున్నాయే నాకు."

"మెల్లగా తొక్కండి."

"మెల్లగా తొక్కితే నువ్వు కుట్టినట్టెలా ఉంటుంది? ఎవరో తరుముతున్నట్టు కుడతావు నువ్వు!"

మిషన్ మోగుతోంది. టైలరమ్మ తలుపుకు చెవి ఆనించింది. లోపల సన్నగొంతు: "చేతులు ఒళ్లో. ఊఁహూఁ, ఆడించకూడదు. కిందికి... కిందికి పెడితేనే బుడగలు." పిట్ట గొంతులోంచి ఒక మూలుగు. తర్వాత ఉఫ్ అని ఊదిన చప్పుడు. మళ్లీ "చేతులు!"

ఇక ఆగలేక తలుపు తోసేసింది.

గదిలో బెత్తం లేదు, తాడు లేదు. సబ్బు బుడగలు గాలిలో తేలుతున్నాయి. వాటికేసి చూస్తూ పిట్ట, చిన్న కుర్చీలో, తన చేతుల మీద తానే కూర్చుని ఉన్నాడు.

మేడమ్ ఉలిక్కిపడింది. "మిషన్ ఆగలేదే!" అనేసింది.

"ఆపమంటావా అమ్మాయ్?" అని ముందు గదిలోంచి అత్తగారు.

"తొక్కుతూనే ఉండండి! ఏంటి మేడమ్ ఇది? నా కొడుకు చేతులు మీకేం అపకారం చేశాయి?"

మేడమ్ మొహం పాలిపోయింది. "మీరు అడిగిందే కదమ్మా. మాటల సంగతి తర్వాత, ముందు ఆ చేతులు మాన్పించండి అని మీవారు ఫోన్ చేశారు. మీకూ తెలుసనుకున్నా. మీరు తలుపు దగ్గరికొస్తుంటే, పని బాగా సాగట్లేదని చూడ్డానికొస్తున్నారేమో, నన్ను మాన్పించేస్తారేమో అని భయం. అందుకే గట్టిగా మెచ్చుకునేదాన్ని."

"వాడు చేతులు ఎందుకు ఆడిస్తాడో ఆయన చెప్పారా?"

"లేదు." తల దించుకుంది. "నేనూ అడగలేదు. అడగాల్సింది."

ఇన్నాళ్లూ బయటి మనిషి మీద పెట్టుకున్న అనుమానం వెళ్లి వెళ్లి ఇంటి మనిషి మీద వాలింది. ఫోన్లు బాగుచేసే భర్త సాయంత్రం వచ్చి చెప్పులు విప్పుతుండగానే అడిగేసింది.

"ఎవరు చెప్పారు నీకు?" అన్నాడతను.

"అది జవాబు కాదండీ."

"స్కూల్లో చేర్చాలా వద్దా వాణ్ణి? ఇలా చేతులాడిస్తే చేర్చుకోం అని అందరి ముందూ అనేశారు. నవ్వారు కూడా. నువ్వక్కడ లేవు. వాడి చేతులు పట్టుకున్నాను, వాడు ఏడ్చేంత గట్టిగా." చేతులు జేబుల్లో పెట్టుకున్నాడు. "నీతో అంటే ఒప్పుకోవని..."

"వాడి నోరు నవ్వగా మీరెప్పుడైనా చూశారా?"

అతను విప్పిన చెప్పుల్ని కాలితో గోడవారకు జరిపాడు.

"చేతులతోనే కదండీ వాడు నవ్వేది. దాన్ని మాన్పించమన్నారు మీరు. స్కూలుదేముంది, ఇంకోటి వెతుకుదాం."

ముసలామె ఎవరూ చెప్పకుండానే మిషన్ తొక్కడం మొదలుపెట్టింది. చప్పుడు విని పిట్ట వచ్చాడు, కూర్చున్నాడు, చేతులు తొడల కింద పెట్టుకున్నాడు. టైలరమ్మ వాడి ఎదురుగా నేల మీద కూర్చుని తన చేతులు రెండూ టపటపా ఆడించింది.

పిట్ట ఆమెను చూశాడు. లోపలి గది తలుపు వైపు చూశాడు. ఆ తర్వాత తండ్రిని చూశాడు, నమ్మకం లేని చూపు. అది అక్కడే ఆగిపోయింది.

అతను జేబుల్లోంచి చేతులు తీశాడు. ఏం చేయాలో తెలియక, తడి చేతులు విదిలించినట్టు విదిలించాడు.

"అలా కాదురా, మోచేతుల నుంచి!" అంది అతని తల్లి, తొక్కడం ఆపకుండానే.

పిట్ట ఒక చెయ్యి బయటికి తీశాడు. రెండు వేళ్లు కదిలాయి. రెండో చెయ్యి ఇంకా తొడ కిందే ఉంది.

"రేపట్నుంచి ఆ తలుపు తీసే ఉంటుంది" అంది టైలరమ్మ.

అతను తలూపాడు. చేతులు మాత్రం దించలేదు. కొడుకు ఇంకా వాటినే చూస్తున్నాడు.