అత్తగారి కారుకి ఎడమ ఇండికేటర్

అత్తగారు పోయి నలభై రోజులైనా పెద్ద కోడలికి ఇంకా ఏడుపు రాలేదు. రాలేదని ఎవరికీ చెప్పుకోలేదు కూడా. పొద్దున్నే లేచేది, వంట చేసేది, కుట్టు మిషన్లు బాగుచేసే తన కొట్టు తెరిచేది, సాయంత్రం మూసేది. గట్టి మనిషి అని చుట్టాలు మెచ్చుకుని వెళ్ళారు. గట్టితనం కాదది. చెవిలో నీళ్ళు పోయినప్పుడు లోకం ఎక్కడో దూరంగా వినిపిస్తుందే, అలా ఉంది ఆమెకి.

అత్తగారు ముప్పై ఏళ్ళు ఆడవాళ్ళకి డ్రైవింగ్ నేర్పింది. అన్నేళ్ళూ ఒకటే కారు. చిన్న కోడలు కాపురానికి వచ్చిన ఏడాదే అందులో నేర్చుకుని, ఆపైన తనూ నేర్పడం మొదలుపెట్టింది. పెద్ద కోడల్ని మాత్రం రెండో రోజే సీట్లోంచి దింపేసింది అత్తగారు. "నీ చూపంతా చేతుల మీదేనమ్మా, రోడ్డు మీద ఉండదు" అంది. అన్న మాట నిజమే కాబట్టి ఈమె నొచ్చుకోలేదు.

ఇప్పుడా పని చిన్న కోడలు చూసుకుంటానంది. దానికి కారు రవాణా ఆఫీసు తనిఖీలో నెగ్గాలి. తనిఖీ సోమవారం పదింటికి. ఇండికేటర్ లివరేమో ఎడమవైపు వేస్తే నిలబడదు. చెయ్యి తీసిన మరుక్షణం జారి మధ్యకి వచ్చేస్తుంది. మెకానిక్ చేతులెత్తేశాడు. ఈ మోడల్ స్విచ్చి ఇప్పుడెక్కడా దొరకదు, పాత సామాన్లలో వెతికితే ఇంతకన్నా అరిగిపోయినదే దొరుకుతుందన్నాడు.

"నువ్వొకసారి చూడక్కా" అంది చిన్న కోడలు ఆదివారం పొద్దున.

"నాకు కార్లేం తెలుసే?"

"మిషన్లు తెలుసుగా. అదీ స్ప్రింగులూ మరలే."

ఈ మాట అత్తగారు కూడా అన్నది, రెండేళ్ళ కిందట, మూడు నాలుగుసార్లు. రేపు చూస్తానత్తయ్యా అంటూ ఈమె దాటేసింది. తర్వాత ఆవిడ మంచాన పడింది, కారు ఇంటి ముందు నిలబడిపోయింది. ఆ సంగతి గుర్తొచ్చినా పెద్ద కోడలికి లోపల ఏమీ కదల్లేదు. వెళ్ళి స్క్రూడ్రైవర్లు తెచ్చుకుంది.

ముందు చిన్న కోడలి చేత నాలుగు దీపాలూ ఒకేసారి వెలిగించే హజార్డ్ మీట నొక్కించింది. అన్నీ టిక్కుటిక్కుమంటూ వెలిగాయి. లివర్ని ఎడమవైపు చేత్తో పట్టుకుంటే ఎడమ దీపాలూ వెలిగాయి, కాకపోతే టిక్కుటిక్కు తప్పి ఉండుండి ఆగిపోతున్నాయి. "బల్బులు బావున్నాయి. తీగలూ బావున్నాయి. రోగమంతా స్విచ్చిలోనే" అంది.

బ్యాటరీ తీగ ఊడదీశారు. స్టీరింగ్ నడుమ ఉన్న హారన్ మూతని మెల్లగా పీకి, దాని తీగ విప్పారు. చక్రం మళ్ళీ అదే చోట కూర్చోవాలని కింది కడ్డీ మీద సుద్దముక్కతో గీత గీసింది పెద్ద కోడలు. నట్టు మొత్తం తియ్యకుండా రెండు చుట్లు ఉంచి, "ఇప్పుడు లాగు, ఊడొచ్చినా మొహం పగలదు" అంది. చక్రం మొండికేసింది. చిన్న కోడలు రెండు మోకాళ్ళూ ఆనించి, పళ్ళు బిగించి అటూ ఇటూ ఊపితే, ఠక్కుమని కదిలింది.

దాని వెనకున్న స్విచ్చి ఊడదీస్తే అరచేతిలో పట్టేంత ఉంది. దాన్ని వంటింటి బల్ల మీద, పాత తువ్వాలు పరిచి విప్పింది. తువ్వాలు ఎందుకంటే, చిన్నవి ఎగిరిపోకుండా. అయినా మూత లేవగానే సెనగగింజంత ఉక్కు గుండు ఎగిరి ఫ్రిజ్ కిందికి దొర్లింది. చిన్న కోడలు నేల మీద బోర్లా పడుకుని చీపురుపుల్లతో బయటికి లాగింది.

"చూశావా, ఈ గుండే లివర్ని గాడిలో పట్టి ఉంచేది. దీని వెనక స్ప్రింగు చచ్చిపోయింది" అని చూపించింది పెద్ద కోడలు. దీపాలకి కరెంటు అందించే రాగిరేకు కూడా మాడి నల్లబడింది. సన్నటి గరుకు కాగితంతో రుద్ది మెరిపించి, పట్టకారుతో రవ్వంత పైకి వంచింది. ఎండి జిగురైన పాత గ్రీజు తుడిచింది. డబ్బా వెతికితే కుట్టు మిషన్ స్ప్రింగుల్లో ఒకటి లావు సరిపోయింది గాని పొడుగైంది. మూడు చుట్లు కత్తిరించింది. బిగించి లివర్ ఎడమకి తోస్తే టక్కున నిలిచింది.

"అబ్బ!" అంది చిన్న కోడలు.

పెద్ద కోడలు ఇంకో ఇరవైసార్లు అటూ ఇటూ వేసి చూసింది. సంతోషం వస్తుందేమోనని కాసేపు ఎదురుచూసింది. రాలేదు.

అన్నీ మళ్ళీ బిగించి బ్యాటరీ తీగ తగిలించారో లేదో, హారన్ గుక్కపట్టి ఏడ్చే పిల్లాడిలా మొదలెట్టింది. ఆగదు. వీధి వీధంతా గుమ్మాల్లోకి వచ్చింది. ఎదురింటాయన గడ్డం గీసుకుంటున్నవాడు, సగం నురగతోనే పరిగెత్తుకొచ్చాడు. "ఆపండమ్మా! ఆవిడున్నప్పుడు కూడా ఇంత గోల లేదు!"

చిన్న కోడలు బ్యాటరీ తీగ పీకేసింది. హారన్ తీగ మూత కింద నలిగి ఇనుముకి తగులుతోందని పెద్ద కోడలు అప్పటికే కనిపెట్టింది. చిన్న కోడలు కారుకి ఆనుకుని నవ్వింది. పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వుతూ నవ్వుతూనే ఏడుపులో పడింది. ఎదురింటాయన గడ్డం తుడుచుకుంటూ వెనక్కి వెళ్ళిపోయాడు.

"నీకు ఏడుపు రాదా అక్కా?" అంది కాసేపటికి, ముక్కు తుడుచుకుంటూ.

"రావట్లేదే."

"ఒక్కసారి కూడానా?"

"ఒక్కసారి కూడా. ఆవిడ పోయిన రోజు మందు సీసాలన్నీ కడిగి ఆరబెట్టాను. ఎందుకు కడిగానో నాకే తెలీదు."

చిన్న కోడలు తల దించుకుంది. "నేను ఊరికే ఏడుస్తాను. కానీ ఆర్నెల్లలో ఆవిడని పక్కకి తిప్పి పడుకోబెట్టింది రెండే రెండుసార్లు. మిగతాదంతా నువ్వే."

"నీకు బయటి పనుంది, నాకు ఇంటి పనుంది. అంతే" అని పెద్ద కోడలు ఆ తీగకి టేపు చుట్టింది. తప్పుపట్టాలని గాని, ఓదార్చాలని గాని ఆమెకి అనిపించలేదు. స్టీరింగ్ నట్టు బిగించిందో లేదో ఇంకోసారి చూసుకుంది.

సోమవారం తనిఖీకి ఇద్దరూ వెళ్ళారు. తనిఖీ చేసేవాడు కుర్చీలోంచి లేవకుండానే "ఎడమ" అన్నాడు. వెలిగింది. "కుడి." వెలిగింది. బ్రేకులు చూశాడు, పొగ చూశాడు, కాగితం మీద ముద్ర కొట్టాడు. "స్విచ్చి కొత్తదా?" అన్నాడు.

"మా అక్క చేసింది" అంది చిన్న కోడలు. అతను పెద్ద కోడలికేసి ఓసారి చూసి, వెనక బండిని రమ్మని చెయ్యి ఊపాడు.

చిన్న కోడలు ఆమెని కొట్టు దగ్గర దింపి, పదకొండింటి పాఠానికి వెళ్ళిపోయింది. కొట్టు ముందు ఓ ముసలి దర్జీ మిషన్ తలకాయని గోనెసంచిలో పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. ఏడాదికోసారి వస్తాడు. చాలా దూరం నుంచి వస్తాడు.

"దారం తెగుతోందమ్మా, ప్రాణం తీస్తోంది. మీ అత్తగారు కులాసానా? మా ఆవిడకి కారు నేర్పిన మహాతల్లి."

ఆవిడ పోయిన కబురు ఇన్నాళ్ళూ ఎవరో ఒకరు చెబుతూనే వచ్చారు: భర్త, మరిది, చిన్న కోడలు. ఈమె నోటితో చెప్పాల్సిన అవసరం పడలేదు.

"పోయారండీ" అంది.

మాట బయటికి వచ్చాక బల్ల అంచు పట్టుకుంది. కళ్ళు పొడిగానే ఉన్నాయి. దర్జీ అయ్యో అంటూ లేచి, తను కూర్చున్న స్టూలు ఆమె వైపు జరిపాడు. ఆమె కూర్చుంది. బయట ఎవరో సైకిల్ గంట కొట్టుకుంటూ పోయారు.

తర్వాత ఆమె మిషన్ తలకాయని దగ్గరికి లాక్కుని, ఏ కుట్టు దగ్గర తెగుతోందో చెప్పమంది.