అక్షరం పొల్లుపోకుండా

నేను ఒక కీబోర్డును. ఇలా మొదలుపెట్టగానే మీరు జాలిపడటానికి సిద్ధమవుతారని నాకు తెలుసు. పాత సైకిళ్లూ చిల్లు పైసలూ తమ ఆత్మకథలు చెప్పుకుని మీకు ఆ అలవాటు చేసి పోయాయి. నా దగ్గర కన్నీళ్లు లేవు. నా మీద ఉన్నదల్లా ఒక నింద. నరసరావుపేటలో ఒక పెళ్లి సినిమాను నేను పాడుచేశానట. నేనా నిందను ఒప్పుకోను. జరిగింది జరిగినట్టు చెబుతాను, విని తీర్పు మీరే చెప్పండి. చెప్పకపోయినా నాకు పోయేదేమీ లేదు.

సముద్రం అవతల ఒక కర్మాగారంలో పుట్టాను. ఆ రోజు నాతోపాటు పుట్టిన వేలమంది నల్లటి ఒంటి మీద తెల్లటి అక్షరాలతో, ఏ ఆఫీసులో పడేస్తే ఆ ఆఫీసు పని చేసుకునే రకం. నన్ను మాత్రం వీడియో ఎడిటర్ల కోసం చేశారు. నా మీటలకు రంగులున్నాయి. ఒకదాని మీద కత్తెర బొమ్మ, ఒకదాని మీద స్పీకరు బొమ్మ. ఏ మీట నొక్కితే ఏ పని జరుగుతుందో ఒంటి మీదే రాసి ఉంటుంది. అయితే అవన్నీ ఒకే ఒక్క సాఫ్ట్‌వేర్‌కు చెందిన గుర్తులు. దాని పేరు చెప్పను. చెబితే మీలో ఎడిటింగ్ తెలిసినవాళ్లు ఇక్కడికిక్కడే రెండు జట్లుగా చీలి, నా కథ గాలికొదిలేసి జుట్లు పట్టుకుంటారు. దాని గుర్తు నారింజ రంగులో ఉంటుంది కనుక నారింజ అందాం. దానికి పోటీగా ఉన్నది నీలం.

నన్ను మొదట వాడింది ఝాన్సీ. హనుమకొండ అమ్మాయి, హైదరాబాదులో యూసుఫ్‌గూడ దగ్గర ఒక గదిలో టీవీ సీరియళ్లు ఎడిట్ చేసేది. నాలుగేళ్లు నా మీద పనిచేసింది. రోజుకొక ఎపిసోడు, రోజుకు పది గంటలు. ఒక్కసారి కూడా నన్ను బాదలేదు. యంత్రం మొండికేస్తే కుర్చీ వెనక్కి లాక్కుని టీ తాగేదే తప్ప నా మీద చెయ్యి చేసుకోలేదు. తర్వాత ఆఫీసువాళ్లు కొత్త యంత్రాలు తెచ్చారు. నన్ను సికింద్రాబాదులో ఒక పాత సామాన్ల కొట్టుకు అమ్మేశారు. బాధపడ్డావా అంటే పడ్డాను. ఎంతైనా మొదటి చేతులు.

ఆ కొట్టులో నన్ను చూసి చవకగా వస్తోందని కొన్న మహానుభావుడు పూర్ణచంద్రరావు. నరసరావుపేటలో పూర్ణా మిక్సింగ్ యూనిట్ ఆయనదే. పెళ్లి వీడియోలు ఎడిట్ చేయడాన్ని అక్కడ మిక్సింగ్ అంటారు. చుట్టుపక్కల ఊళ్ల ఫోటోగ్రాఫర్లు హార్డ్ డిస్కులు ఆర్టీసీ బస్సులో పార్సిలు వేస్తే, వాటిని కోసి, అతికించి, పాటలు పెట్టి తిరుగు బస్సుకు పంపడం ఆయన వృత్తి. పనిమంతుడే, అందులో నేను వంక పెట్టను. ఆయనతో చిక్కల్లా ఆయన నీలం మనిషి కావడం. చవకకు ఆశపడి నారింజ కీబోర్డు కొన్న సంగతి నలుగురికీ తెలిస్తే పరువు పోతుందని, ఇంటికి రాగానే నా ప్రతి మీట మీదా నీలం స్టిక్కరు అంటించాడు. యూనిట్ ఫోటో ఎక్కడైనా పెట్టాల్సి వస్తే నా మీద తువ్వాలు కప్పేవాడు. మనుషులు మతం మార్చుకోవడానికైనా ఒక ముహూర్తం ఉంటుంది. నన్ను అడిగిన నాథుడు లేడు.

ఎవరికంత భయపడ్డాడంటారా? 'మన మిక్సింగ్ మిత్రులు' అని ఫోన్లో ఒక గుంపు ఉంది. రెండు రాష్ట్రాల ఎడిటర్లు ఎనిమిది వందల మంది అందులో ఉన్నారు. మిత్రత్వం పేరులో ఉంది, మిగతాదంతా కురుక్షేత్రం. తెల్లారితే నీలం గొప్పా, నారింజ గొప్పా. నీలం మాటిమాటికీ ఆగిపోతుందని వాళ్లు, నారింజ పిల్లలాట అని వీళ్లు. ఒకడు రంగులు దిద్దడం గురించి నోరు తెరిస్తే రెండో నిమిషానికి మాట వాడి తండ్రి దాకా పోతుంది. ఎదురెదురుగా కూర్చుంటే ఒకరి టీకి ఇంకొకరు డబ్బులిచ్చే మనుషులే వీళ్లంతా. పూర్ణచంద్రరావు ఆ గుంపులో నీలం సేనాపతి. కంప్యూటరులో ఒక పక్క పెళ్లి, ఇంకో పక్క గుంపు. రెండింటికీ నేనొక్కదాన్నే.

ఆయన మీద నాకు కోపముంది గాని, ఆయన భయం ఏమిటో వేళ్ల ద్వారా నాకు తెలుసు. పద్నాలుగేళ్లు ఎవరూ నేర్పకుండా ఒక్కడే కూర్చుని నీలం నేర్చుకున్నాడు. ఏ పని ఎక్కడుందో ఆ వేళ్లకు కంఠోపాఠం. రేపు లోకమంతా నారింజకు మారితే ఆ వేళ్లు మళ్లీ ఓనమాలు దిద్దాలి. ఆ భయాన్ని భయమని చెప్పుకోలేక తిట్టుగా మార్చి పంపేవాడు.

ఇక ఆ రోజుకు వస్తాను. బట్టలకొట్టు హనుమంతరావు గారి అమ్మాయి రిసెప్షను. సాయంత్రం ఏడింటికి మండపంలో పెద్ద తెర మీద పెళ్లి సినిమా వేయాలి. ఊళ్లో పెద్ద పెళ్లిళ్లన్నీ కొత్తగా వచ్చిన ఇంకో యూనిట్‌కు తరలిపోతున్న రోజులవి. ఇది తప్పితే యూనిట్ మూసుకోవాల్సిందేనని పూర్ణచంద్రరావు భార్య సుభాషిణితో వారం నుంచీ అంటున్నాడు. సుభాషిణి అదే గదిలో పక్క బల్ల మీద ఆల్బములు తయారుచేస్తుంది. మధ్యాహ్నం పన్నెండుకు సినిమా దాదాపు అయిపోయింది. తాళిబొట్టు దగ్గర చిన్న సవరణ మిగిలింది.

అప్పుడే గుంపులో ఎవరో కొత్తవాడు, ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలని అడిగాడు. ఆ గుంపులోనే ఉన్న నా ఝాన్సీ జవాబిచ్చింది. ఏదైనా ఒకటే తమ్ముడూ, ముందు పెళ్లివాళ్ల మొహాలు ఓపిగ్గా చూడటం నేర్చుకో అని. అంతే. నారింజ గొప్పదని కూడా అనలేదు. అదే ఆయనకు ఎక్కువ మండింది. ఏదైనా ఒకటే అంటే పద్నాలుగేళ్లు ఏమైనట్టు?

ఆయన నన్ను ముందుకు లాక్కున్నాడు. తెర వంక చూడలేదు. కోపమొచ్చినప్పుడు తల వంచి నన్నే చూస్తూ కొడతాడు. గుంపులో తెలుగును ఇంగ్లిషు అక్షరాల్లో రాస్తారు. అలాగే మొదలుపెట్టాడు. నా పాత యజమానురాలిని, నా మొదటి చేతులను, నా చేతే తిట్టిస్తున్నాడు. నాకు నోరుంటే అరిచేదాన్ని.

ఆయన చూసుకోని సంగతి ఒకటుంది. తెర మీద గుంపు కిటికీ కనిపిస్తోందే గాని, మౌసు చివరిసారి నొక్కింది పెళ్లి మీద. కాబట్టి ఆయన కొట్టిన ప్రతి అక్షరమూ గుంపులోకి కాక పెళ్లిలోకి పోయింది. నీలానికి తిట్టూ దీవెనా తెలియవు. దానికి అక్షరమంటే ఆజ్ఞ. ఒక అక్షరం కోసింది, ఒకటి శబ్దం ఆపింది, ఒకటి సినిమా ఎక్కడిదాకా వచ్చిందో చూపే గీతను ముందుకు జరిపింది. పైగా పని తొందరగా అవుతుందని ఆయన ఒక మీటకు సొంత ఏర్పాటు చేసుకున్నాడు. 'a' నొక్కితే గీత కింది ముక్క తెగిపోయి, వెనకది వచ్చి ఆ ఖాళీలో కూర్చుంటుంది. తెలుగును ఇంగ్లిషులో రాస్తే 'a' లేని వాక్యం దొరుకుతుందేమో వెతకండి.

అక్కడికైనా ఆగిందా? ఎడిటర్లందరికీ ఒక అలవాటుంటుంది. కొంచెం పని కాగానే చేతులు వాటంతట అవే సేవ్ కొడతాయి. ఆయన ప్రతి వాక్యం చివరా చుక్క పెట్టి, సేవ్ కొట్టాడు. తిట్టును భద్రపరుచుకున్న మనిషిని నేను ఆయన్నే చూశాను. పేరా ముగించి ఎంటర్ నొక్కేసరికి, అది నీలానికి సినిమా ఆడించమనే ఆజ్ఞ కనుక, స్పీకర్లు మోగాయి. పంతులుగారు మంత్రం మధ్యలో తెగి భోజనాల దగ్గర తేలారు. పెళ్లికొడుకు తాళి పట్టుకుని చెయ్యెత్తాడు, తర్వాత ముక్కలో ఎవరో పెద్దాయన పెరుగన్నం కలుపుతున్నాడు.

పూర్ణచంద్రరావు తలెత్తాడు. వెనక్కి తిప్పే మీటలు గబగబా నొక్కాడు. యంత్రం బరువెక్కకుండా యాభై అడుగులే వెనక్కి వెళ్లేట్టు ఆయనే పెట్టుకున్నాడు. ఆయన కొట్టింది దాదాపు మూడు వందల అక్షరాలు. తిట్టు పొట్టిదైతే బతికిపోయేవాడు.

"ఈ దరిద్రపు కీబోర్డు కొన్నకాణ్ణుంచీ ఇంతే!" అని నన్ను బల్లకేసి కొట్టాడు.

సుభాషిణి లేచి వచ్చి తెర చూసింది. "అదేం చేసిద్ది? నువ్వు కొట్టిందే అది కొట్టింది. ముందు గుంపులో అడుగు."

"ఆళ్లనా? నవ్విపోతారే."

"నవ్వితే నవ్వనీ. ఏడింటికి హనుమంతరావు గారు నవ్వరుగా."

నా తరపున ఈ లోకంలో మాట్లాడిన ఒకే ఒక్క మనిషి ఆవిడ. ఆయన అడిగాడు. ఎలా పాడైందో రాయకుండా, సినిమా చెడింది, సాయం చెయ్యండి అని మాత్రం రాశాడు. నారింజ జట్టు పండగ చేసుకుంది. నీలం జట్టులో ఆయన సైనికులు మౌనం పాటించారు. అయిదో నిమిషంలో ఫోను మోగింది. ఝాన్సీ. నారింజకు రాకముందు తనూ ఆరేళ్లు నీలం మీదే పనిచేశానని చెప్పింది. ఆయన ఫోను స్పీకరులో పెట్టి నా పక్కన ఆనించాడు. ఆ గొంతు విని ఎన్నాళ్లయిందో.

"నిన్నటి కాపీ ఉన్నదా?"

"ఉందండీ. కానీ పొద్దుటి నుంచీ చేసిందంతా అందులో లేదు. రెండూ పక్కపక్కన పెట్టి ఏ ముక్క పోయిందో ఎతకాలంటే రేపటిదాకా పట్టిద్ది."

"వెతకొద్దు. ఏమేం నొక్కిండ్రో వరుసగా చెప్పండి. ఏ ముక్కలు పోయినయో నేను లెక్క కడత. అవే నిన్నటి కాపీలకెళ్లి తెచ్చి పెట్టుకోవచ్చు."

"నొక్కింది కాదండీ... ఒక మెసేజ్ కొడతన్నా. అది ఇందులోకి పోయింది."

"మంచిదే, గుర్తుంటది. అక్షరం పొల్లుపోకుండా చెప్పండి, రాసుకుంటున్న."

సుభాషిణి ఆయన మొహం చూసింది. అబద్ధం చెప్పొచ్చు. కానీ ఒక్క అక్షరం మారినా లెక్క తప్పుతుంది, సినిమా పోతుంది. మర్యాదగా మాట్లాడితే మునిగిపోయే పరిస్థితి ఆయనకు మునుపెన్నడూ రాలేదు. గొంతు సవరించుకున్నాడు.

"ఝాన్సీ గారూ, నీకు మిక్సింగ్ అంటే ఏందో..."

అవతల కలం ఆగిన చప్పుడు నాకు వినిపించింది. ఆమె అడిగింది. "గారు కొట్టిండ్రా?"

"...లేదండీ."

"అయితే తీసెయ్యండి. లెక్క తప్పుతది. మొదటికెళ్లి చెప్పండి."

చెప్పాడు. "ఝాన్సీ, నీకు మిక్సింగ్ అంటే ఏందో తెలవకుండానే చెప్పొచ్చావు. అత్తాకోడళ్ల మొహాలు మూడేసి సార్లు తిప్పి చూపించేదానికి ఏదైనా ఒకటేలే." గుంపులో అయితే ఈ పాటికి పాతిక చప్పట్ల బొమ్మలు పడేవి. ఆ గదిలో ఆ మాటలు ఆయన నోట్లోంచి వచ్చి నేల మీద పడ్డాయి, తీసేవాళ్లు లేరు. మూడో వాక్యం వంటింటి గురించి. అది మీకు చెప్పను. వినాల్సిన ఆవిడ విన్నది, చాలు. అందులో సగానికి వచ్చి ఆగాడు.

"క్షమించండమ్మా," అన్నాడు.

"అది ఏ వాక్యంల వస్తది?"

"ఏ దాంట్లో లేదండీ. అది కొట్టింది కాదు. ఇప్పుడు అంటన్నా."

నాకు తెలిసిన ఆ ఓపిక అప్పుడు తెగిపోతుందేమోనని భయపడ్డాను. "సరే," అంది. "మిగిలింది చెప్పండి."

మిగిలింది చెప్పాడు, ఏ మాటకు ఏ ఇంగ్లిషు అక్షరాలు కొట్టాడో, తన 'a' ఏర్పాటేమిటో కూడా చెప్పాడు. డెబ్భై మూడు ముక్కలు పోయాయని ఆమె లెక్క తేల్చింది. ఏవేవో వరుసగా రాసి పంపింది. ఇద్దరూ ఫోను పెట్టకుండా ఒక్కొక్కటీ వెతికి కూర్చారు. ఏడింటికి పడాల్సిన సినిమా ఏడూ ఇరవైకి పడింది. పెళ్లికొడుకు చెయ్యెత్తి తాళి కట్టాడు, పెరుగన్నం పెద్దాయన తన చోటికి తాను పోయాడు. హనుమంతరావు గారికి ఈ సంగతి ఇప్పటికీ తెలియదు.

మర్నాడు పూర్ణచంద్రరావు జరిగిందంతా గుంపులో రాశాడు, తిట్టుతో సహా. వారం రోజులు ఆడుకున్నారు. ఒకరిద్దరు మాత్రం ఎన్నడూ లేనిది తమ పాత మెసేజీలు చెరిపేసుకున్నారని విన్నాను. ఆయన మారిపోయాడని చెప్పి మిమ్మల్ని మోసం చేయను. ఇవాళ్టికీ నీలమే గొప్పదని వాదిస్తాడు, గట్టిగానే వాదిస్తాడు. ఝాన్సీ కూడా తగ్గదు. ఇద్దరికీ మధ్యాహ్నాలు అలా గడుస్తాయి.

నేనింకా ఆయన బల్ల మీదే ఉన్నాను. చెత్తబుట్టకూ వెళ్లలేదు, మ్యూజియానికీ వెళ్లలేదు, వెళ్లే ఉద్దేశమూ లేదు. నింద సంగతి మీరు తేల్చుకోండి. నా మీద ఎవరైనా ఏమైనా కొట్టుకోవచ్చు, మనసులో ఉన్న విషమంతా కొట్టుకోవచ్చు, నేను ఒక్క అక్షరానికీ అడ్డుపడను. రండి, కూర్చోండి. కొట్టడం అయ్యాక, ఎవరిని తిట్టారో ఆ మనిషికి ఫోను చేసి, గారు కలపకుండా, మొదటి నుంచి చివరిదాకా చదివి వినిపించండి.