పగటి దీపాల కారు

ఆ దీపాల గురించి ఇంగెమార్ మా తమ్ముడికి చెప్పిన పాఠం నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు. వాడి పక్కనే నిలబడి విన్నాను మరి.

"చూడు యోవ్నా, తాళం తిప్పగానే ముందు దీపాలు వాటంతటవే వెలుగుతాయి. పట్టపగలు కూడా. ఎందుకు? ఎదురొచ్చేవాడికి నువ్వు కనపడాలని. వీటి వల్ల ఎంతమంది బతికి బట్టకట్టారో నీకేం తెలుసు? వాటిని ఆర్పేయమంటావా?"

"శాశ్వతంగా కాదన్నా. మంద రోడ్డు దాటేదాకా. ఒక్క గంట."

"గంటైనా తప్పు తప్పే. కావాలంటే మీ జింకలకి నల్లకళ్లద్దాలు పెట్టించండి."

షెడ్డులో కాఫీ తాగుతున్న వాళ్లంతా పగలబడి నవ్వారు. ఈ చుట్టుపక్కల కార్లు బాగుచేసేవాడు అతనొక్కడే. అందుకే నేను నోరు మూసుకున్నాను. ఆ మూసుకోవడం తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

మేం సామీలం, ఉత్తరాది మంచుదేశంలో రెయిన్‌డీర్ జింకలను మేపుకునే జాతి. చలికాలం మొదట్లో రెయిన్‌డీర్ మందను కొండల మీంచి అడవికి దించుతాం. మధ్యలో పెద్ద రోడ్డు దాటించాలి. అటు నా పాత కారు, ఇటు యోవ్నా కారు అడ్డం పెట్టి లారీలను ఆపుతాం. ఇంజను ఆపితే ఆ చలికి మళ్లీ కదలదు. ఇంజను నడుస్తుంటే దీపాలు వెలుగుతాయి. మందకు ముందు నడిచే ఆడ రెయిన్‌డీర్‌ కంట్లో ఆ వెలుగు పడితే మొరాయిస్తుంది. అది వెనక్కి తిరిగితే ఆరువందలూ తిరుగుతాయి. ఇంగెమార్ పాఠానికి ముందటేడు అలాగే తిరిగి రైలు పట్టాల మీదికి పోయాయి. పదకొండింటిని మంచులోంచి ముక్కలుగా ఏరుకున్నాం.

నా కారుకి యోవ్నా ఎప్పుడో దీపాలు ఆర్పే మీట ఒకటి బిగించి పెట్టాడు. వాడు కొత్తగా కొన్న కారులో అంతా కంప్యూటరే, వేలు పెట్టే చోటు లేదు. చివరికి మంద దాటే రోజు ఒక దీపానికి తన కోటు, ఇంకోదానికి మేత గోనె కప్పి తాడుతో కట్టాడు.

"ఎలా ఉందక్కా?"

"పంటినొప్పికి కట్టు కట్టినట్టుంది."

మంద చక్కగా దాటింది. ఒక్కటి కూడా తల తిప్పలేదు. యోవ్నా చిన్నపిల్లాడిలా ఈల వేశాడు. కోటు విప్పి తొడుక్కున్నాడు, గోనె తీసి వెనక సీట్లో పడేశాడు. దీపాలు మళ్లీ వెలిగాయి. నాకు చెయ్యూపి ఇంటికి బయలుదేరాడు. మధ్యాహ్నం రెండు కాలేదు, అప్పటికే వెలుగు సన్నగిల్లుతోంది.

తాళం తిప్పితే ముందూ వెనకా అన్నీ వెలగడం మాకు ఊహ తెలిసినప్పట్నుంచీ అలవాటు. దీపాల మీట ముట్టుకునే మనిషి మా వైపు లేడు. ఎదురుగా మంచు మీద వెలుగు పడుతోంది కదా, అన్నీ వెలుగుతున్నాయనుకున్నాడు యోవ్నా. ఎదురుగా ఒక కలప లారీ వచ్చి దాటిపోయింది. అది లేపిన మంచుపొడిలో దారి కనపడక నెమ్మదించాడు. వెనక నుంచి వచ్చిన బండి గుద్దింది. వాడి నడుము విరిగింది.

ఆ బండి ఇంగెమార్‌ది.

ఆసుపత్రి వరండాలో టోపీ నలుపుకుంటూ కూర్చున్నాడు.

"బీరెత్, నాకు ఎర్రదీపం కనపళ్లేదు. అంతా తెలుపే."

"ఎందుకు కనపళ్లేదు?"

"కొత్త కార్లలో పగటి దీపాలు ముందువైపే వెలుగుతాయి. వెనకవి కావాలంటే మీట తిప్పాలి."

"ఆ సంగతి నీకు తెలుసా?"

"తెలుసు."

"మరి వాడికి చెప్పావా?"

"వాడు అది అడగలేదుగా. ఆర్పడం గురించి అడిగాడు."

"అరగంట పాఠం చెప్పావు ఇంగెమార్. దీపాలు ప్రాణాలు కాపాడతాయన్నావు. ఆ అరగంటలో వెనక చీకటేనని ఒక్క ముక్క చెప్పడానికి నీకు తీరిక దొరకలేదు. మమ్మల్ని చూసి నవ్వడానికి దొరికింది."

అతను తల దించుకున్నాడు. నాకు జాలి కలగలేదు. ఇప్పటికీ కలగదు.

వసంతంలో మందను తిరిగి కొండలెక్కించాలి. నా పాత కారు పక్క ఊరి బంధువుకి ఇచ్చి అటు నిలబెట్టాను. బాగుచేసి తెచ్చిన యోవ్నా కారులో నేను కూర్చున్నాను. ముందురోజు ఇంగెమార్ పిలవకుండానే వచ్చాడు.

"హ్యాండ్‌బ్రేకు ఒక్క మెట్టు లాగి, ఆ తర్వాత తాళం తిప్పు. దీపాలు వెలగవు. బ్రేకు వదిలితే వెలుగుతాయి."

"అంతేనా?"

"అంతే."

"ఇదీ నీకు ముందే తెలుసా?"

అతను చేతి తొడుగులు వేసుకున్నాడు.

మంద దాటింది. గోనెలూ తాళ్లూ ఏవీ అక్కర్లేకపోయింది. యోవ్నాకి ఫోన్ చేశాను. వాడు కిటికీ పక్కన చక్రాల కుర్చీలో ఉంటాడు. మంద వెంట మంచు మీద మోటారు బండి తోలే నడుము ఇక రాదని డాక్టర్లు చెప్పేశారు. మంద దాటిందా, ఎన్ని దాటాయి, ముందు నడిచింది ఏది అని వాడు గుచ్చిగుచ్చి అడుగుతాడనుకున్నాను.

"అక్కా," అన్నాడు, "కారు దిగి ఒకసారి వెనక్కి వెళ్లి చూడు. ఎర్రదీపం వెలుగుతోందా?"