కోటు వద్దన్న పెళ్లి

రిటైరైన టీచరు సాల్మన్ సారు కొడుకు పెళ్లికని ముదురు నీలం కోటు కుట్టించుకున్నాడు. మే నెల ఎండలో కోటేమిటని అడిగేవాళ్లకు వాళ్ల చర్చి పెళ్లిళ్ల సంగతి తెలియదన్నమాట. పాస్టరు గారి దగ్గర్నుంచి పెళ్లికొడుకు మేనమామ దాకా అందరూ చెమటలు కక్కుతూ కోట్లలోనే నిలబడతారు. విప్పితే మర్యాద తక్కువ.

కొడుకు బెన్నీకి ఈ మర్యాదలు పట్టలేదు. కోకాపేటలో మబ్బులను తాకే మేడ మీద ఏసీలో కూర్చుని పనిచేసే పిల్లాడికి పల్లెటూరంటే మహా ముద్దు. పెళ్లికూతురు జెస్సికాదీ అదే ఆఫీసు, అదే ముద్దు. శంకర్‌పల్లి దాటాక ఒక మామిడితోటలో పెళ్లి పెట్టుకున్నారు. మగవాళ్లంతా నూలు పంచె, లాల్చీ, భుజాన కండువా. కోట్లు వద్దని శుభలేఖలోనే అచ్చు వేయించారు.

ఆ శనివారం బెన్నీ ప్రగతి నగర్‌లోని ఇంటికి వచ్చి తండ్రి చేతిలో బట్టల సంచి పెట్టాడు.

"ఎండలు మస్తున్నయ్ డాడీ. కోటేస్కుంటే పడిపోతవ్. ఇది కట్టుకో, హాయిగుంటది."

"కోటే ఏస్కుంట. పంచె కట్టుమంటే పెండ్లికే రాను," అన్నాడు సాల్మన్.

"పంచెల ఏమున్నది డాడీ?" అని అడిగాడు. సాల్మన్ సంచిని కుర్చీలో పెట్టి లోపలికి వెళ్లాడు. పాపం, పిల్లాడు ముఖం చిన్నబోయి వెళ్లిపోయాడు.

పంచెలో ఏముందో తల్లి సారమ్మకు తెలుసు. సాల్మన్ తండ్రి భుజాన కండువాతో ఊళ్లో ధైర్యంగా నడిచిన మనిషి కాదు. పటేలు ఎదురొస్తే కండువా తీసి చంకలో దోపుకోవాలి, వంగి పక్కకు నిలబడాలి. చిన్నప్పుడు సాల్మన్ తండ్రి వేలు పట్టుకుని ఎన్నోసార్లు అలా నిలబడ్డాడు. టీచరు ఉద్యోగం వచ్చిన నాటి నుంచి పంచె ముట్టలేదు. ఒంటికి తొడిగిన కోటును తీసి చంకలో పెట్టుకొమ్మనేవాడు ఎవడూ ఉండడని ఆయన ధీమా.

"పిల్లగానికి చెప్పరాదుండ్రి," అంది సారమ్మ. "ఊకనే మొండితనం అనుకుంటున్నడు."

"చెప్ప. వానికి తెల్వకపోవుడే నేను సంపాయించిన ఆస్తి. తెలిస్తే ఇగ పంచె కట్టినప్పుడల్లా మా నాయిన వంగుడే యాదికొస్తది."

సారమ్మ ఊరుకునే రకం కాదు. "చెప్పరు, కట్టరు. మరి పెండ్లి నాడు వాని పక్కన ఎవరు నిలబడాలె?"

ఆ మాట తగలవలసిన చోటే తగిలింది. ఆయనకు అన్నం సయించలేదు. కొడుక్కి ఆ అవమానం అంటించడమా, కొడుకు పక్కన లేకుండా పోవడమా? ముందు నుయ్యి, వెనక గొయ్యి. చివరికి వాటికన్నా పంచే నయమనిపించింది.

పెళ్లినాడు మామిడితోట గేటు దగ్గర తండ్రిని చూసి బెన్నీ ఎగిరి గంతేశాడు. "డాడీ, హీరో లెక్కున్నవ్!"

సాల్మన్ నవ్వాడు గానీ, భుజం మీద ఆ మూరెడు గుడ్డ మణుగు బరువుంది.

అంతలో తోట యజమాని వచ్చాడు. తెల్ల మీసాలు, చేతికర్ర, వెనకాల ఇద్దరు మనుషులు. పెళ్లివారిని పలకరిద్దామని నిండుగా నడిచి వస్తున్నాడు. ఆయన మంచివాడే కావచ్చు, కానీ సాల్మన్ ఒంటికి అదేం తెలుసు? నడుము కొంచెం వంగింది. చెయ్యి దానంతట అదే పోయి కండువా పట్టుకుంది. సగం లాగేసింది కూడా. ఇంతమందికి చదువు చెప్పిన మనిషికి తన చెయ్యే పరాయిదైపోయింది. సిగ్గుతో కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

బెన్నీ చూశాడు.

"జారుతున్నదా డాడీ?" అంటూ దగ్గరికొచ్చి, తండ్రి చేతిలోంచి కండువా తీసుకుని, మడత సరిచేసి మళ్లీ భుజం మీద వేశాడు. "పిన్ను పెట్టాల్నా?"

యజమాని ఎదురుగా వచ్చి నిలబడి చేతులు జోడించాడు. సాల్మన్ నడుము నిటారు చేశాడు.

"పెట్టు బిడ్డా," అన్నాడు. "ఊడకుంట గట్టిగ పెట్టు."