వలదారం కుట్టు

నేను ఒక సంచిని. భుజానికి అడ్డంగా వేసుకుంటే తుంటి మీద వేలాడే రకం. బూడిదరంగు మందపు గుడ్డ, పైన కప్పడానికి ఒక పెద్ద రెక్క, లోపల ఒకటే అర. నేను కెమెరా కోసం పుట్టలేదని ముందే చెబుతున్నాను. కెమెరా కోసం పుట్టినవాటికి లోపల మెత్తటి గదులుంటాయి, గదిగదికీ దూది పరుపులుంటాయి. ఆ వైభోగం నాకు లేదు. నాకున్నదల్లా పెద్ద మూతి. ఇంత మూతి పెట్టి, అందులో ఒక్క మాట పెట్టడం మరిచిపోయారు నన్ను కుట్టినవాళ్లు.

హైదరాబాదులో ఒక రేకుల షెడ్డులో కుట్టారు నన్ను. ఏదో కొరియర్ కంపెనీ గంపగుత్తగా చెప్పిన సంచులం మేము. ఒకే పోలికతో గుట్టలుగా పుట్టాం. నా వంతు వచ్చేసరికి కుట్టేవాడికి ఆకలేసింది. భుజంపట్టీ అతికే చోట రెండు వరుసలు కుట్టాల్సింది, ఒక్క వరుస కుట్టి అన్నానికి లేచాడు. ఆయన తొందర ఆయనది. తెగేది నా పట్టీ కదా.

శ్రీకాకుళం వైపు, సముద్రానికి దగ్గర్లో ఒక చిన్న ఊళ్లో ఆ కంపెనీకి ఆఫీసుండేది. అక్కడ నన్ను తవిటయ్య భుజానికి తగిలించారు. నల్లటి మనిషి. కొలిమిలో బొగ్గులా నిగనిగలాడే నలుపు. జుట్టుకు దువ్వెన తగిలేది కాదు, ఎప్పుడూ నుదుటి మీద పడుతూ ఉండేది. ఊరూరా కవర్లు పంచి, సాయంత్రానికి సముద్రం ఒడ్డున ఉన్న వాళ్ల పల్లెకు వెళ్లేవాడు. నన్ను దూలానికున్న మేకుకు తగిలించి, "అమ్మా, కూడెట్టు" అనేవాడు. అమ్మ పేరు ఎర్రమ్మ. వలలు బాగుచేస్తుంది. మొగుణ్ణి సముద్రం తీసుకుపోయింది కాబట్టి కొడుకును పడవ ఎక్కనివ్వలేదు. నేల మీద బతకమంది.

తవిటయ్య పేరు వెనక ఒక కథ ఉంది. ఎర్రమ్మకు ముందు పుట్టిన బిడ్డలెవరూ నిలవలేదు. ఇతను పుట్టగానే పొరుగింటావిడ చేతుల్లో పెట్టేసి, ఆవిడకు గుప్పెడు తవుడు ఇచ్చి మళ్లీ కొనుక్కుంది. తవుడుకు కొన్న బిడ్డని చావు పోల్చుకోలేదని, ఎవరి బిడ్డో అనుకుని గడప దాకా వచ్చి తిరిగిపోతుందని వాళ్ల నమ్మకం. అలా మారుపేరు పెట్టి దాచిన బిడ్డ ఇతను.

ఒక వానాకాలం, కవర్ల బరువుకి నా పట్టీ తెగనే తెగింది. ఎర్రమ్మ నన్ను ఒళ్లో పెట్టుకుని, వల కుట్టే నీలం నైలాను దారంతో, వల ముళ్లే వేసి అతికింది. "ఇంక సొరసేప లాగినా ఊడదు" అంది. నా ఒంటి మీద అందమైనది ఆ కుట్టొక్కటే. తర్వాత కంపెనీ వాళ్లు ఆఫీసు ఎత్తేశారు. నన్ను మాత్రం ఎవరూ తిరిగి అడగలేదు. తవిటయ్య చెన్నపట్నంలో కట్టుబడి పనికి వెళ్తానన్నాడు. ఎర్రమ్మ నాలో ఒక జత బట్టలు, చేపల వేపుడు గిన్నె సర్ది, రెక్క మూసి, దాని మీద ఒక్కసారి అరచేత్తో తట్టింది.

రైల్లో జనరల్ పెట్టె. కాలు పెట్టడానికి చోటు లేక తలుపు దగ్గర నిలబడ్డాడు. తెల్లవారుతోంది. వెనక ఎవరో దారి చేసుకుంటూ తోశారు, కావాలని కాదు. కమ్మీ మీద చెయ్యి జారింది. ఇద్దరం కలిసే పడ్డాం. పట్టాల పక్క కంకర మీద కాసేపు ఊపిరి ఆడింది అతనికి. చివరగా అమ్మని పిలిచాడని చెబితే వినడానికి బాగుంటుంది. పిలవలేదు. నా పట్టీ గట్టిగా పట్టుకుని ఉన్నాడు, ఆ తర్వాత వదిలేశాడు.

ముందుగా వచ్చింది పోలీసులు కాదు. పొలాల్లోంచి ఇద్దరు మనుషులు వచ్చారు. పర్సు తీసుకున్నారు, ఫోను తీసుకున్నారు. నాలోకి చెయ్యి పెట్టి బట్టలూ, గిన్నే తీసుకున్నారు. నన్ను అటూ ఇటూ తిప్పి చూసి, అతుకేసిన సంచి ఎందుకని పక్కన తుప్పల్లోకి విసిరారు. వాళ్లు వెళ్తుంటే ఆ ఫోను మోగింది. ఎర్రమ్మే అయి ఉంటుంది, ఆ వేళకు రోజూ లేస్తుంది.

ఎండెక్కాక పోలీసు హెడ్డు జగన్నాథం వచ్చాడు, అతని వెనకే కూర్మారావు వచ్చాడు. కూర్మారావుకి దగ్గర్లోని జంక్షన్ ఊళ్లో ఫోటో స్టూడియో ఉంది. పెళ్లిళ్లకు తీస్తాడు, పోలీసులు పిలిస్తే శవాలకూ తీస్తాడు. అప్పట్లో అతని భుజాన అసలైన కెమెరా బ్యాగు ఉండేది, నల్లగా, బలిసి. చెడ్డవాడు కాదు. చాలామంది శవాన్ని చూసి ముక్కు మూసుకుని నొక్కేసి పోతారు. ఇతను జేబురుమాలు తడిపి తవిటయ్య మొహం తుడిచాడు. నోరు మూశాడు. జేబులోని దువ్వెన తీసి, స్టూడియోకి వచ్చినవాళ్లకి చేసినట్టే, పక్క పాపిడి తీసి నున్నగా దువ్వాడు.

"శవానికి సోకులెందుకు కూర్మారావూ?" అన్నాడు హెడ్డు.

"ఎవరో ఒకరు చూస్తారు కదండీ. కన్నవాళ్లు చూడొచ్చు" అన్నాడు కూర్మారావు.

ఆ మంచితనమే కొంప ముంచింది. శవం మొహం ఒక పక్క వాచి, కమిలి ఉంది. అది చూడలేక, స్టూడియోలో కంప్యూటర్ మీద కమిలిన చోటల్లా సరిచేశాడు. సరిచేస్తూ చేస్తూ, అలవాటైన చెయ్యి కదా, మొహమంతా తెల్లగా చేశాడు. ఆ ఊళ్లో కూర్మారావు తెల్లగా చేయని మొహం లేదు. పెళ్లికూతుళ్లు, పరీక్ష రాసే పిల్లలు, పింఛను ముసలమ్మలు, అందరూ అతని కాగితం మీద పాలల్లో ముంచి తీసినట్టే ఉంటారు. ఎవరూ కాదనలేదు. అడిగి మరీ చేయించుకున్నవాళ్లే ఎక్కువ. అలా తవిటయ్య కూడా పోయాక తెల్లబడ్డాడు.

తుప్పల్లోంచి నన్ను కూడా ఏరుకొచ్చి పోలీసు స్టేషన్లో బీరువా పక్కన పడేశారు. నా కుట్టు గోడవైపు ఉంది. శవం కోసం ఎవరూ రాలేదు. మునిసిపాలిటీ వాళ్లు తీసుకెళ్లి, కట్టుబట్టలతోనే పూడ్చేశారు.

ఎర్రమ్మ ఆ తర్వాత వచ్చింది. ఫోను ఎత్తడం లేదని, చెన్నపట్నంలో మేస్త్రీ దగ్గరికి చేరనే లేదని తెలిసి, రైలు దారి పట్టుకుని ఒక్కో స్టేషనూ అడుగుతూ వచ్చింది. హెడ్డు ఫోటో తీసి చేతికిచ్చాడు. ఆవిడ కళ్లు మూసుకుని ఇష్టదైవాన్ని తలుచుకుని, ఒక కన్నే తెరిచి చూసింది. కాకూడదు, కాకూడదు అనుకుంటూ చూసిన చూపు అది. వాచిన మొహం, నున్నటి పాపిడి, తెల్లటి రంగు.

"కాదు!" అంది. "నా కొడుకు కాదు బావూ! ఈడెవులో తెల్లోడు. మావోడు బొగ్గునాగుంటాడు. తలకి దువ్విని ఎట్టనే ఎట్టడు."

నవ్వింది. నోరు తెరిచి, కొంగు అడ్డం పెట్టుకోవడం కూడా మరిచిపోయి, గది మోగేలా నవ్వింది. హెడ్డు కూడా మొహం తేటపడి టీ తెప్పించాడు. "సల్లగుండు బావూ, సల్లగుండు" అంటూ ఆ టీ తాగింది. నేను ఆవిడ చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉన్నాను. ఆవిడ కట్టిన ముడి నా ఒంటి మీద ఉంది. మూతి ఎంత తెరుచుకుంటే ఏం లాభం, లోపల గాలి తప్ప ఏమీ లేదు. ఫోటో కాదన్నాక సంచి చూపించాలని హెడ్డుకి తోచలేదు. పాపం, ఎందుకు తోస్తుంది? ఆవిడ అంత సంతోషంగా ఉంటే.

కొన్నాళ్లకు గది ఖాళీ చేస్తూ హెడ్డు నన్ను తన్ని చూసి, "ఎలకలు కొట్టేస్తాయి, నువ్వు పట్టుకెళ్లు" అని కూర్మారావు మీదకు విసిరాడు. కూర్మారావుకి సరిగ్గా అలాంటి సంచే కావాలి. అతని నల్ల బ్యాగు ఊరందరికీ తెలిసిపోయింది. అది భుజాన కనబడితే చాలు, "ఎవులు పోనారు?" అని అడిగేవారు. ఒక పెళ్లింట్లో అయితే పెళ్లికొడుకు మేనత్త గుమ్మంలోనే ఆపేసింది. "సచ్చినోల్లకి తీసిన కెమెరాతో మా పిల్లలకి తీస్తావేటి? పో, పో" అంది. పీటల మీద పెళ్లి జరుగుతుండగా అతను తల వంచుకుని ఇంటికి వచ్చేశాడు.

అప్పటినుంచి నేను కెమెరా మోశాను. కూర్మారావు పాత తలగడ కోసి నా అడుగున దూది పరిచాడు. లెన్సుకి పెళ్లాం పాత శాలువా చుట్టాడు. ఫ్లాష్ లైటుకి పిల్ల స్వెట్టరు చేయి కత్తిరించి తొడిగాడు. పైన ఒక న్యూస్ పేపరు, ఒక తువ్వాలు. చూసినవాళ్లు ఏ బీమా ఏజెంటో అనుకునేవారు. మెత్త చాలక గతుకుల దారిలో కెమెరా నా డొక్కల్లో పొడుస్తూ ఉండేది. అదే కెమెరా, పొద్దున పట్టాల మీద, మధ్యాహ్నం పందిట్లో. సంచి మారింది కాబట్టి మేనత్తలందరూ సంతోషంగా నవ్వుతూ తీయించుకున్నారు. మనుషులకి మైల కెమెరాలో ఉండదు, సంచిలో ఉంటుంది. శవం పక్కనుంచి వచ్చిన సంచి నేనేనని వాళ్లకు తెలియదు కదా.

ఒక మధ్యాహ్నం ఎర్రమ్మ స్టూడియోకి వచ్చింది. చిక్కిపోయింది. రైలు స్టేషన్లలో అంటించడానికి కొడుకు ఫోటో పెద్దది చేసి కాగితాలు వేయించుకోవాలట. పాత చిన్న ఫోటో ఒకటి కొంగున కట్టుకొచ్చింది. కూర్మారావు దాన్ని కంప్యూటర్ లోకి ఎక్కించి, అరిగిన గీతలు చెరిపి, మాటల్లో పడి, ఎప్పటిలాగే మొహం తెల్లగా చేయడం మొదలుపెట్టాడు.

"తెల్లగా సెయ్యకు బావూ" అంది ఎర్రమ్మ, వెనక నిలబడి. "ఆడు నల్లోడు. తెల్లగా ఉంటే ఎవులు పోలుస్తారు?"

కూర్మారావు చెయ్యి ఆగింది. అప్పటికే మొహం సగం తెల్లబడింది. ఆ తెలుపులోంచి, ఆనాడు పట్టాల పక్కన తను తుడిచి, దువ్వి, సరిచేసిన మొహం తనవైపే చూస్తోంది. కూర్మారావు తెలుపు తీసేశాడు. కాగితాలు వేసిచ్చాడు. ఆవిడ వైపు చూడకుండా, "వెళ్లిరామ్మా" అన్నాడు. నాకు అతని మీద అసహ్యం వేసింది. జాలి కూడా వేసింది. కొడుకు పోయాడన్న మాట నేనైనా ఎలా చెప్పగలను?

చెప్పక్కర్లేకపోయింది. కాగితాల కట్ట చంకన పెట్టుకుని తిరిగిన ఎర్రమ్మకు, తలుపు వెనక మేకుకు వేలాడుతున్న నేను కనబడ్డాను. వచ్చి నా పట్టీ పట్టుకుంది. కుట్టు మీద బొటనవేలు పెట్టి ముడి తర్వాత ముడి తడుముకుంటూ పోయింది.

"ఇది నా ముడి" అంది.

కూర్మారావు స్టూలు మీద కూలబడ్డాడు. "ఆ స్టేషన్లో నీకు చూపించిన ఫోటో నేనే తీశానమ్మా" అన్నాడు. "మొహం కమిలి ఉంటే చూడలేక తెల్లగా చేశాను. నేనే చేశాను. పిల్లాడు మీవాడే."

ఆవిడ అరుస్తుందనుకున్నాను. అతన్ని కొడుతుందనుకున్నాను. నాలోంచి కెమెరా తీసి బల్ల మీద పెట్టింది. లెన్సు తీసి పక్కన పెట్టింది. శాలువా, స్వెట్టరు చేయి, తలగడ దూది, ఒక్కొక్కటే జాగ్రత్తగా తీసి పెట్టింది. అడుగు దాకా చెయ్యి పెట్టి వెతికింది. కొడుకుది ఏమీ మిగల్లేదు.

"ఆ బొమ్మ తియ్యి" అంది. కూర్మారావు తీశాడు. తెల్లటి మొహం. "నల్లగా సెయ్యి బావూ."

కొంచెం నల్లబడింది. "ఇంకా" అంది. ఇంకొంచెం నల్లబడింది. వాపు ఇంకా స్పష్టంగా తేలింది, కమిలిన మచ్చలు తిరిగి వచ్చాయి. ఆవిడ కన్నార్పకుండా చూస్తూ ఇంకా, ఇంకా అంటూనే ఉంది. "అమ్మా, వద్దమ్మా" అన్నాడు అతను. "సెయ్యి" అంది.

"సాలు" అంది చివరికి. "ఈడే."

ఆ సాయంత్రం అతనే ఆవిణ్ణి మునిసిపాలిటీ శ్మశానానికి తీసుకెళ్లాడు. నేను ఖాళీగా ఆవిడ భుజాన ఉన్నాను. అక్కడి కాపలా మనిషి ముళ్లకంపల వైపు చెయ్యి చూపించి, "ఈ వైపే ఎక్కడో" అన్నాడు. గుర్తు లేదు. ఎర్రమ్మ ఆ వైపున నేల మీద చతికిలబడి, నన్ను ఒళ్లో పెట్టుకుని, కూర్మారావును అడిగింది.

"ఆ పొద్దు టేసన్లో ఈడి బొమ్మ నా సేతికిచ్చినారు గదా. సూసి నానేటి సేసినాను బావూ? ఏటీ గ్యాపకం రాదు. ఏడ్సినానా?"

కూర్మారావు ఆ రోజు అక్కడ లేడు. "ఏడ్చే ఉంటావమ్మా" అన్నాడు.

"ఏడ్సుంటాను" అంది ఆవిడ. "ఎవుల బిడ్డైనా బిడ్డే గదా."

ఇప్పుడు నేను ఆవిడ ఇంట్లో, దూలానికున్న పాత మేకుకే వేలాడుతున్నాను. నాలో నీలం దారపు ఉండలు, ఆ నల్లటి ఫోటో ఉన్నాయి. వల కుడుతూ కుడుతూ దారం కోసం నా దగ్గరకు వచ్చినప్పుడు, కొన్ని రోజులు అదే మాట నన్నే అడుగుతుంది. ఏడ్సినాను గదా, అంటుంది. గది మోగేలా ఆవిడ నవ్విన నవ్వు విన్నవాళ్లలో ఈ ఇంట్లో ఉన్నది నేనొక్కదాన్నే. నన్ను కుట్టినవాళ్లు ఈ మూతిలో మాట పెట్టనందుకు ఎన్నాళ్లో తిట్టుకున్నాను. ఇప్పుడు తిట్టుకోవడం లేదు.