కాలిపోని గొట్టం

మా ల్యాబులో మిగిలింది ఒకే గొట్టం. చిటికెన వేలంత లావు, మనిషెత్తు పొడవు. అందులోంచి పెద్ద ఒత్తిడితో నీళ్ళు పారుతుంటాయి. గొట్టానికే కరెంటిచ్చి వేడెక్కిస్తాం. ఆ నీళ్ళు ఎంత వేడి దాకా మోసుకుపోగలవో తేల్చాలి. హద్దు దాటితే లోపలి గోడకి ఆవిరి పొర పట్టేస్తుంది. బాగా కాలిన పెనం మీద నీటి బొట్టు అంటుకోకుండా చిందులేస్తుంది చూశారూ, అదే సంగతి. నీళ్ళు తగలని గోడ చూస్తుండగానే ఎర్రబడి చిల్లుపడుతుంది.

అలా రెండు గొట్టాలు పోయాయి. పరీక్ష నడిపేది మా అక్క కూతురు, కరెంటు పిడి తిప్పేది నేను. ఇదీ పోతే పరీక్ష మూసేస్తామని పెద్దసారు చెప్పేశాడు. పాపం, మా పిల్లది నాలుగేళ్ళ కష్టం.

ఆ పొద్దున వస్తూనే అంది, "మావయ్యా, ఇవాళ కరెంటు పెంచొద్దు."

"మరి నేనేం చెయ్యనే? గోళ్ళు గిల్లుకోనా?"

"ఆపే స్విచ్ మీద చెయ్యేసి కూర్చో. కరెంటు ఎంతుందో అంతే ఉంటుంది. లోపలికొచ్చే నీళ్ళనే కొంచెం కొంచెం వెచ్చబెడతా."

"ముక్కేదంటే తల చుట్టూ తిప్పి చూపించినట్టుంది."

"నువ్వు పిడి ఒక్క గీత తిప్పినా గొట్టం వేడి ఎగురుతుంది. నీళ్ళయితే నిదానంగా వేడెక్కుతాయి. హద్దు దాకా నడిచెళ్దాం, దూకొద్దు."

సరేనని కూర్చున్నాను. తెచ్చుకున్న టీ చల్లారిపోయింది. గొట్టం పై చివర వేడి చూపే ముల్లు ఉన్నట్టుండి వణికింది.

"ఆపెయ్యనా?"

"ఉండు. వణికిందంతే."

"నా గుండె కూడా వణుకుతోందే!"

"దాన్ని ఇంటికెళ్ళాక చూసుకుందాంలే."

ముల్లు సర్దుకుంది. మళ్ళీ వణికింది. తర్వాత ఒక్కసారిగా పైకి లేచింది. మా పిల్ల నోరు తెరిచేలోగా నేను స్విచ్ నొక్కేశాను.

చల్లారాక గొట్టం రెండు చివరలూ మూసి, ఒత్తిడి పెట్టి చూశాం. చుక్క కారలేదు. పై చివర కాస్త నీలం తిరిగింది, అంతే.

"పద, పెద్దసారుకి చెబుదాం," అన్నాను.

"హద్దు ఒక్కసారి దొరికితే ఏం లెక్క మావయ్యా? మళ్ళీ చేసినా అక్కడే దొరకాలిగా."

ఇన్నాళ్ళూ 'మళ్ళీ' అనడానికి గొట్టం మిగిలితేగా! చల్లటి టీ ఒక్క గుక్కలో తాగేసి స్విచ్ మీద చెయ్యేశాను.

"వెచ్చబెట్టు తల్లీ."